నిరీక్షణ – కథావస్తువు – మన విమర్శ

ఈ ఏడాది మా శాఖ జరిపిన కథాగోష్ఠికి 23 కథలు వచ్చాయి. అన్నీ చదివి అభిప్రాయం రాసే పని నాకు అప్పగించారు. రైతు ఆత్మహత్యల మీద నాలుగు, కులాంతర వివాహాల మీద అయిదు, కరోనా నాటి వలస కూలీల నడక మీద రెండు, ఇలా వస్తువుల వారీగా కట్టలు కడుతూ పోతే చివరికి మూడు కథలు ఏ కట్టలోనూ ఇమడకుండా మిగిలాయి. మూడింటిలోనూ ప్రధాన పాత్ర అమెరికా కంపెనీకి పనిచేస్తుంది. కాని అమెరికాలో లేదు. హైదరాబాదులోనో విజయవాడలోనో తల్లిదండ్రుల ఇంట్లో, మేడమీద గదిలో కూర్చుని రాత్రిళ్లు పనిచేస్తూ, గ్రీన్‌కార్డు అని మనం పిలుచుకునే శాశ్వత నివాసపు హక్కు కోసం ఎదురుచూస్తుంటుంది. ఈ ముగ్గురు రచయితలూ ఒకరినొకరు ఎరగరు. ముగ్గురి చేతికీ ఒకే వస్తువు ఒకేసారి తగిలిందంటే అది గాలిలోంచి ఊడిపడలేదని అర్థం.

వాటి గురించి మాట్లాడే ముందు నా లెక్క ఒకటి చెప్పుకోవాలి. 2014లో ఇలాంటి గోష్ఠిలోనే, అమెరికా నుంచి సెలవు మీద వచ్చిన ఒక యువకుడు కథ చదివాడు. వీసా గడువు పొడిగింపు కోసం ఎదురుచూసే మనిషి కథ అది. చర్చ ప్రారంభించమంటే లేచి, డాలర్ల కన్నీళ్లకు మన పత్రికలో చోటు లేదని అన్నాను. సభలో చప్పట్లు పడ్డాయి. అతను చివరి వరసలో కూర్చుని కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. తర్వాత అతను మరో కథ రాసినట్టు నాకు తెలియదు. ఆ కథ గొప్పదని ఇప్పుడూ అనను. అయితే నేను దాన్ని విమర్శించలేదు. వస్తువు పేరు విని తీర్పు చెప్పాను. రెండూ ఒకటి కాదని విద్యార్థులకు ముప్ఫయ్యేళ్లు పాఠం చెప్పినవాణ్ణి.

వస్తువు తెలుసుకోకుండా శిల్పం గురించీ దృక్పథం గురించీ మాట్లాడడం మన విమర్శకు అలవాటైన జబ్బు. కనుక ముందు వస్తువు సంగతి చూద్దాం.

పుట్టిన దేశాన్నిబట్టి వలసదారుల్ని ఏరుకునే పాత కోటాలను అమెరికా 1965 చట్టంతో ఎత్తేసింది. 1990 చట్టం ఉద్యోగాల ప్రాతిపదిక మీద ఏడాదికి సుమారు 1,40,000 శాశ్వత నివాస వీసాలు అని నిర్ణయించింది. భార్య, భర్త, పిల్లలు కూడా ఆ లెక్కలోకే వస్తారు. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకైనా మామూలుగా 7 శాతం మించకూడదు. అంటే భారతదేశానికీ ఐస్లాండుకీ ఒకటే పరిమితి! రూపంలో సమానత్వం, సారంలో అసమానత్వం అనే మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ పాఠ్యపుస్తకంలో కూడా దొరకదు. దరఖాస్తు మొదటి అంకం దాఖలైన రోజు ఆ మనిషికి ‘ప్రయారిటీ డేటు’ అవుతుంది. ప్రతినెలా విదేశాంగ శాఖ వీసా బులెటిన్ అని ఒకటి వెలువరిస్తుంది. అందులో మన దేశం గడిలో ఏ తేదీ వేశారో దానికి ముందు తేదీ వాళ్లకే ద్వారం తెరుచుకుంటుంది. ఆ తేదీ ఒక నెల ముందుకు జరుగుతుంది, ఒక్కోసారి కదలదు, ఒక్కోసారి వెనక్కి కూడా పోతుంది. హెచ్-1బి వీసాకు మామూలు గడువు ఆరేళ్లు. కార్డుకు ఒక మెట్టు దాటినవాళ్లకు దాన్ని మళ్లీమళ్లీ పొడిగించుకునే వీలు 2000 చట్టం కల్పించింది. ఈలోగా ఉద్యోగం పోతే అక్కడ ఉండనిచ్చేది గరిష్ఠంగా 60 రోజులు. ఇక్కడ పుట్టి తల్లిదండ్రుల వెంట వెళ్లిన పిల్లకు 21 ఏళ్లు నిండితే ఆమె పేరు వరసలోంచి జారిపోవచ్చు. ఈ గండాన్ని 2002 నాటి చట్టం కొంత తగ్గించిందేగాని తీసెయ్యలేదు.

ఇక్కడొక విచిత్రం ఉంది. కంపెనీ కార్డుకోసం పెట్టే అర్జీ, చట్టం దృష్టిలో, కార్డు వచ్చాక ఇవ్వబోయే ఉద్యోగానికి సంబంధించింది. కనుక ఆ మనిషి అప్పటిదాకా అమెరికాలోనే ఉండాలని లేదు. హైదరాబాదులో కూర్చుని ఎదురుచూడవచ్చు. తేదీ వచ్చిన నాడు ముంబయి కాన్సులేటులో ఇంటర్వ్యూకి వెళ్లవచ్చు. అదే కంపెనీ పని ఇక్కడినుంచి చేస్తూ కూడా ఉండవచ్చు. 2020 జూన్ 22 నాటి అధ్యక్ష ప్రకటన హెచ్-1బి మీద కొత్తగా వచ్చేవాళ్ల ప్రవేశాన్ని ఆపింది. అది 2021 మార్చి ఆఖరుదాకా సాగింది. 2025 సెప్టెంబరులో, దేశం బయట ఉన్నవాళ్లకోసం వేసే కొత్త అర్జీకి లక్ష డాలర్ల రుసుము అన్నారు. అదే ఏడాది డిసెంబరు 15 నుంచి దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమాల ఖాతాలను తనిఖీ చేస్తామని చెప్పి, స్టాంపింగ్ కోసం సెలవు పెట్టి వచ్చినవాళ్ల ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా వేశారు. మన మేడగదులు నిండింది ఇలా.

ఇంకొక సంగతి. కథకుడన్నవాడు దీన్ని వదలకూడదు. చాలామంది విషయంలో ఆ మొదటి అంకం పేరు లేబర్ సర్టిఫికేషన్. ఈ ఉద్యోగానికి తగిన, సిద్ధంగా ఉన్న అమెరికా కార్మికుడు దొరకలేదని కంపెనీ రుజువు చెయ్యాలి. అందుకు ప్రకటనలు ఇవ్వాలి. ఇలాంటి ఉద్యోగాల ప్రకటనలను ఫేస్‌బుక్ తన వెబ్‌సైటులో పెట్టలేదనీ, దరఖాస్తులు తపాలాలోనే పంపమందనీ అమెరికా న్యాయశాఖ ఆరోపించింది. 2021లో ఆ కేసు ఒప్పందం మీద తేలింది. 2023లో యాపిల్ 2.5 కోట్ల డాలర్లకు ఒప్పుకుని ఇలాంటి కేసునే ముగించుకుంది. ఊరంతా కంప్యూటరు మీద నడిపే కంపెనీ తన ఉద్యోగానికి మాత్రం కాగితం మీద రాసి స్టాంపు అంటించి పంపమంటే ఆ ప్రకటన ఎవరు చదవాలని? నా దృష్టిలో ఈ వస్తువులోని మహా కల్పిత కథ ఆ ప్రకటనే. ఇక్కడి వైరుధ్యం కూడా అందులోనే ఉంది. తనలాంటి మరో కార్మికుడు లేడని కాగితం మీద రుజువైతే తప్ప ఈ కార్మికుడి పేరు వరసలో చేరదు. కార్మికుడికి కార్మికుణ్ణి ఎదురు నిలబెట్టడానికి పెట్టుబడికి లాఠీలు అక్కర్లేదు, ఒక ఫారం చాలు. మూడు కథల్లో ఒక్కటైనా ఈ గుమ్మం తొక్కలేదు.

మొదటి కథ విషయంలో ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. కొడుకు హైదరాబాదు ఫ్లాటులో రాత్రి పనిచేస్తుంటాడు. తల్లి గోంగూర పచ్చడి కలిపిన ముద్దలు తెచ్చి పెడుతుంది. తేదీ రాదు. చిలుకూరు బాలాజీ గుడికి పోయి 11 ప్రదక్షిణాలు చేస్తాడు. నుదుట రాసింది చెరపలేమని తండ్రి అంటాడు. కథ అయిపోయింది. గుడిని కథలోకి తేవడం తప్పనను. కోరిక కోరినప్పుడు 11, తీరాక 108 అనే ఆ ఆచారంలో మన మధ్యతరగతి చరిత్ర ఒక అధ్యాయం ఉంది. ఈ కథకుడు మాత్రం దాన్ని వాతావరణం కోసం వాడాడు, అగరువత్తి వెలిగించినట్టు. మనుషులు కూర్చుని ఓటు వేసి చేసిన 7 శాతం చట్టాన్ని తలరాతగా మార్చడం ఏ పనో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పక్కర్లేదు.

రెండో కథ మనవాడిది. అందుకే కాస్త గట్టిగా మాట్లాడాలి. ఇందులో నాయకుడు పచ్చి స్వార్థపరుడు. అమెరికాలో సంపాదించి షాద్‌నగర్ దగ్గర ప్లాట్లు కొన్నాడు. ఆ భూమి అమ్ముకున్న రైతు అతని అపార్టుమెంటుకే వాచ్‌మన్‌గా వస్తాడు. నాయకుడికి కార్డు రాదు. వాచ్‌మన్ నవ్వుతాడు. రచయిత కూడా పక్కనే నిలబడి నవ్వుతాడు. భూమి దగ్గరికి పోవడంలో ఇతని చూపు సరైనదని ఒప్పుకోవాలి. డాలరు ఇక్కడికి వచ్చి ఏమవుతుందో అడిగిన కథ మూడింటిలో ఇదొక్కటే. మన విదేశీ తెలుగు కథల్లో చాలావాటికి డబ్బు మంచులాంటిది, ఎక్కడ కురిసిందో తెలుస్తుందిగాని ఎక్కడ కరిగిందో తెలియదు.

చిక్కు ఎక్కడంటే, ఈ నాయకుడు పని చెయ్యడు. పన్నెండు పేజీల కథలో అతను ఏంచేస్తాడో, ఎవరికి జవాబు చెప్పుకుంటాడో, ఎన్ని గంటలకు లేస్తాడో ఒక్క వాక్యం లేదు. ‘సాఫ్ట్‌వేర్ కూలీ’ అని నాలుగుసార్లు వెక్కిరింపుగా అన్నాడు. కూలీ అన్నాక కూలి చూపించాలి గదా! ప్రాతినిధ్య పరిస్థితులలో ప్రాతినిధ్య పాత్రలుండాలని 1888లో ఎంగెల్స్ ఒక రచయిత్రికి రాసిన ఉత్తరాన్ని మనం సభల్లో అక్షరాలా అప్పజెబుతాం. కథలోకి వచ్చేసరికి పరిస్థితులు జారిపోయి, పాత్ర మెడలో బోర్డు మాత్రం మిగులుతుంది.

ఈ పని స్వభావాన్ని చూడ్డానికి మన రచయిత అమెరికా దాకా పోనక్కర్లేదు. పోచంపల్లికో చీరాలకో పోతే చాలు. సావుకారు నూలిస్తాడు, డిజైనిస్తాడు. మగ్గం నేతగాడి ఇంట్లోనే. గుంట అతని ఇంట్లోనే. దీపం ఖర్చు అతనిదే. కండెలు చుట్టేది భార్య, ఆసు పోసేది తల్లి, వాళ్లకు వేరే కూలి లేదు. చీర సావుకారుది. మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో ఆధునిక గృహపరిశ్రమ గురించి చెబుతూ లండన్‌డెరీలోని ఒక చొక్కాల ఫ్యాక్టరీని చూపిస్తాడు. ఫ్యాక్టరీ గోడల మధ్య వెయ్యిమంది, ఊళ్లమీద తమ తమ ఇళ్లలో కుట్టేవాళ్లు తొమ్మిదివేలమంది. ఆ తొమ్మిదివేలమందీ కూడా ఫ్యాక్టరీకి బయటి విభాగమే అంటాడు. ఇల్లు చెదరకుండానే పెట్టుబడి ఇంట్లోకి వస్తుందని ఆయన చూసింది 19వ శతాబ్దంలో. మేడమీద గది ఆ తొమ్మిదివేల ఇళ్ల వరసలోదే.

అయితే ఈ పోలికను ఎంతదాకా లాగాలో తెలియాలి. గల్ఫులో పాస్‌పోర్టు యజమాని చేతిలో చిక్కిన జగిత్యాల మనిషినీ, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తిని అడ్డమీద పడుకునే పాలమూరు లేబరునూ, ఏసీ గదిలో కూర్చున్న ఇంజనీరునూ ఒకే తాటికి కట్టి ‘అందరూ వలసకూలీలే’ అంటే అది ఐక్యత కాదు. కళ్లు మూసుకోవడం. ఇంజనీరుకు అమ్ముకోవడానికి శ్రమశక్తితోపాటు ప్లాటు కూడా ఉంది. అతని చదువు వెనక తాత పొలం ఉంది, ఎక్కువసార్లు కులం కూడా ఉంది. అవన్నీ ఉండి కూడా అతను కంపెనీ మారడానికి భయపడతాడు, జీతం పెంచమనడానికి నోరు రాదు, తల్లి చనిపోతే పోవాలా వద్దా అని వీసా తేదీ చూసుకుంటాడు. రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య భయాన్ని మనం నవ్వుతూ చదవలేదు. ఆ భయం ఏ సమాజం పెంచిందో చూస్తూ చదివాం. ఈ కొత్త సుబ్బయ్యకు ఆ పాటి చదువరితనమైనా దక్కకూడదా? ప్లాటునూ భయాన్నీ ఒకే మనిషిలో చూపించగలిగిన కథకుడు ఇంకా రావాలి.

మూడో కథ ఒక యువతిది. మూడింటిలో ఇదే మేలైనది. స్థలం విజయవాడ సత్యనారాయణపురంలో ఒక పాత డాబా ఇల్లు. ఆమె వీడియో మీటింగులో తన వెనకాల పుస్తకాల అలమార బొమ్మ పెట్టుకుంటుంది. ఆ బొమ్మ వెనక నిజంగా ఉన్నవి తల్లి మంచం, ఆక్సిజన్ సిలిండరు. తల్లికి దగ్గు వచ్చినప్పుడల్లా ఆమె వేలు మైకు ఆపే మీటమీదికి పోతుంది. తల్లి ఆ వేలిని చూసి దగ్గు ఆపుకోవడం నేర్చుకుంటుంది. ఈ ఒక్క దృశ్యం కోసం 23 కథలూ చదివినా నాకు విసుగు లేదు. ఎవరి ఇంట్లో ఎవరు బిగ్గరగా దగ్గవచ్చునో నిర్ణయించేది ఎవరు? కథలో ఆ ప్రశ్న లేదు, వేలు మాత్రమే ఉంది. అలా ఉండడమే మంచిది.

దీనికి రెండు లోపాలున్నాయి. తెల్లవారి ఆరింటికి పనిమనిషి వస్తుంది, గిన్నెలు తోముతుంది, పోతుంది. అంతే. కథానాయిక పగలు పడుకోవాలంటే గిన్నెల చప్పుడు ఆరుకల్లా అయిపోవాలి. అలా అయిపోవాలంటే ఆ మనిషి తన ఇంట్లో నాలుగింటికి లేవాలి. అమెరికా కంపెనీ గంట అలా అలా దిగి కృష్ణలంకలో ఒక గుడిసెదాకా పోయింది. రచయిత్రి ఆమెను గుమ్మం దాకా తెచ్చి అక్కడ వదిలేసింది.

రెండోది ముగింపు. వీసా బులెటిన్ వస్తుంది, తేదీ మళ్లీ వెనక్కి పోతుంది. ఆమె కంప్యూటరు మూసి డాబా ఎక్కుతుంది. తూర్పున ఎర్రటి సూర్యుడు. ఇక ఆ కార్డు తనకు వద్దనుకుంటుంది. పది పేజీలు కన్నార్పకుండా చూసిన మనిషి పదకొండో పేజీలో కళ్లు మూసుకుంది. పదేళ్ల నిరీక్షణను ఒక సూర్యోదయం తుడిచెయ్యదు. మర్నాడు ఆమె ఇంటి రుణం వాయిదా కట్టాలి, తల్లి మందులు కొనాలి. కాని ఆమెను ఏమనగలం? ఎర్ర సూర్యుడితో కథ ముగించమని మన గోష్ఠుల్లో రెండు తరాలకు నేర్పింది మనమే. ఆ ముగింపు ఆమెది కాదు, మనది.

చర్చలో ఒక మిత్రుడు ఈ కథను కాఫ్కా ‘కోట’తో పోల్చాడు. రచయిత చనిపోయాక 1926లో అచ్చయిన ఆ అసంపూర్ణ నవలలో భూమి కొలిచే ఉద్యోగానికి వచ్చిన మనిషి తన ఉద్యోగం ఖాయమో కాదో తేల్చుకోలేక కోట కింద గ్రామంలో తిరుగుతూనే ఉంటాడు. పోలిక పైకి బాగానే ఉంటుంది. ఒకప్పుడు లూకాచ్ కాఫ్కా మీద చేసిన ఆక్షేపణ, ఒక చారిత్రక దశలోని భయాన్ని మానవుడి శాశ్వత స్థితిగా మార్చాడని, నాకు పూర్తిగా సమ్మతం కాదు. ఆఫీసు మెట్లమీద కూర్చున్నవాడికి కాఫ్కాలో చాలా సత్యం దొరుకుతుంది. మనవాళ్లు కాఫ్కానుంచి తీసుకునేది మాత్రం ఆ సత్యాన్ని కాదు, పొగమంచును. ఈ కోటకు చిరునామా ఉంది. చట్టానికి సంవత్సరం ఉంది, వాటాకు శాతం ఉంది, బులెటిన్‌కు నెల ఉంది. ఇంత స్పష్టంగా అచ్చయిన దాన్ని ‘ఏదో అదృశ్యశక్తి’ అని రాస్తే అచ్చువేసినవాడు సంతోషిస్తాడు.

ఇక దాచకూడని మాట. మూడో కథలో ఆ వేలును నేను గుర్తుపట్టడానికి కారణం శిల్పజ్ఞానం కాదు. మా అమ్మాయిది 2016 మార్చి తేదీ. వాళ్లమ్మ ఆపరేషనుకని, స్టాంపింగ్ కూడా పూర్తవుతుందని 2025 డిసెంబరులో వచ్చింది. వచ్చిన వారానికి ఇంటర్వ్యూ ఏప్రిల్‌కు జరిపామని మెయిలు. భర్త, అక్కడే పుట్టిన పిల్లవాడు అక్కడే ఉండిపోయారు. నాలుగు నెలలు మేడమీద గదిలో పనిచేసింది. మొదటి నెల తర్వాత కంపెనీ ఆమెను తన ఇండియా శాఖ జీతం లెక్కలోకి మార్చింది. పని అదే, కుర్చీ మారినందుకు కూలి మారింది. నేను చెప్పులు విప్పి మెట్లెక్కడం నేర్చుకున్నాను. ఆ గది 2018లో ఆమె పంపిన డబ్బుతో వేయించింది. 2014లో సభలో నేను ఆ మాట అన్నప్పుడు మా ఇంటికి మేడ లేదు. ఇప్పుడు ఈ వ్యాసం రాస్తున్నది ఆ గది పక్క వరండాలో, ఆమె కొనిచ్చిన బల్లమీద. విమర్శకుడి వర్గస్వభావం గురించి ఎవరైనా ప్రశ్న వెయ్యదలిస్తే అడ్రసు ఇదే.

రాత్రి ఒంటిగంటకు కిందికి వచ్చి మంచినీళ్లు తాగుతూ ఒకసారి అంది: “నాన్నా, నేను అక్కడ లేను, ఇక్కడా లేను. తేదీలో ఉన్నాను.” నేను నోటుబుక్కు తీయబోతే నవ్వి, “ఇది కూడా వ్యాసంలో పెట్టేస్తావా?” అంది. పెట్టాను. ఆమె అనుమతి తీసుకునే పెట్టాను.

2014 నాటి ఆ యువకుడి కథ మా శాఖ పాత ఫైళ్లలో వెతికించాను. దొరకలేదు. వీసా పొడిగింపు కాగితం రాకముందు అతని కథానాయకుడు గోడకు మేకు కొట్టడానికి భయపడతాడని లీలగా గుర్తు. అద్దె ఇల్లు, పటం తగిలిస్తే మళ్లీ తీయాల్సివస్తుందేమోనని. పన్నెండేళ్ల తర్వాత కూడా మేకు గుర్తుందంటే ఆ కథలో ఏదో ఉండే ఉంటుంది.

మూడో కథను మా అమ్మాయికి చదవమని ఇచ్చాను, రచయిత్రి పేరు చెప్పకుండా. ముగింపు గురించి ఏమీ అనలేదు. మధ్యలో ఒకచోట పెన్సిలుతో గీత పెట్టింది. కథలో దసరాకు ముందు మీటింగు సాయంత్రం ఆరున్నరకు మొదలవుతుంది, కార్తీక పౌర్ణమి దాటాక కూడా ఆరున్నరకే. ఆమె పక్కన రాసింది: “నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం వెనక్కి తిప్పుతారు. ఆ రోజునుంచి ఇక్కడ ఏడున్నర. మార్చి రెండో ఆదివారం మళ్లీ ఆరున్నర. అమ్మ వంట కూడా దాంతోపాటే జరుగుతుంది.” నిజమే. 2026 మార్చి 8 తర్వాత మా ఇంట్లో రాత్రి భోజనం గంట ముందుకు వచ్చింది. నేను తిన్నాను, ఎందుకో అడగలేదు.

పనిమనిషి గురించీ ఎర్ర సూర్యుడి గురించీ నేను రాసిన రెండు పేజీల అభిప్రాయంతోపాటు ఆ పెన్సిలు గీత ఉన్న కాగితాన్ని కూడా తీయకుండా రచయిత్రికి పంపాను. కథ తిరగరాసి పంపితే తర్వాతి సంచికలో వేద్దామని సంపాదకులు ఒప్పుకున్నారు.